అమెరికా విదేశాంగ మంత్రి అనాలా, కార్యదర్శి అనాలా?

అమెరికా ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్’ని తెలుగులో కొందరు విదేశాంగ మంత్రి అని రాస్తారు, కొందరు విదేశాంగ కార్యదర్శి అని రాస్తారు. ఏదైతే ఏంటి అనిపిస్తుంది గానీ, మొన్న మా నాన్న పేపర్ చదువుతూ “ఈ కార్యదర్శి కూడా మన ఐఏఎస్‌ల్లాగా పరీక్ష రాసి వచ్చినాయనేనా?” అని అడిగారు. అందులో ఆయన తప్పేమీ లేదు. మన ప్రభుత్వాల్లో కార్యదర్శి అంటే, సర్పంచ్ పక్కన కూర్చుని రిజిస్టర్లు రాసే పంచాయతీ కార్యదర్శి దగ్గర్నుంచి చీఫ్ సెక్రటరీ దాకా, అందరూ ఉద్యోగులే కదా.

జైశంకర్‌గారినే చూడండి. 2015 నుంచి 2018 దాకా విదేశాంగ కార్యదర్శి, అంటే ఐఎఫ్ఎస్ అధికారి. 2019లో అదే శాఖకు మంత్రి అయ్యారు. మనిషి ఒక్కరే, కుర్చీలు వేరు.

బ్రిటన్ సంగతి తేలికే. అక్కడి ఫారిన్ సెక్రటరీ పార్లమెంటులో కూర్చుంటారు, కేబినెట్‌లో ఉంటారు. ఒకప్పుడు ప్రధానిగా చేసిన డేవిడ్ కామెరాన్ 2023 నవంబరులో ఆ పదవిలోకి వచ్చారు, దాన్ని ‘కార్యదర్శి అయ్యారు’ అని రాస్తే మనవాళ్లు ఏమనుకోవాలి?

చిక్కంతా అమెరికాతోనే. సెక్రటరీని ప్రెసిడెంట్ ఎంచుకుంటారు, అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌లో పైసభ, అంటే సెనేట్, ఒప్పుకోవాలి, కాంగ్రెస్ సభ్యత్వం ఉంచుకుని ఆ పదవి చేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. అందుకే 2009లో హిల్లరీ క్లింటన్ సెనేట్ సీటు వదులుకున్నారు. చట్టసభలో లేని మనిషి మంత్రేంటి అని కార్యదర్శి అనేవాళ్ల వాదన, అందులో బలముందని ఒప్పుకుంటాను. పైగా అమెరికాలో మినిస్టర్ అంటే చర్చి పాస్టర్ అనే అర్థం కూడా ఉంది.

కానీ మంత్రి అనే మాట ఎన్నికల కంటే ఎంతో పాతది. తిమ్మరుసు ఓట్లతో మంత్రి కాలేదు. మంత్రాంగం చెప్పేవాడు మంత్రి, రాయలవారికి ఆలోచన చెప్పడమే ఆయన పని, అమెరికా సెక్రటరీ ప్రెసిడెంట్‌కు చేసేదీ ముఖ్యంగా అదే. ఇంకో రుజువు కావాలంటే 2018 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన టూ ప్లస్ టూ చర్చలు, అంటే రెండు దేశాల విదేశాంగ, రక్షణ శాఖల పెద్దలు కలిసి కూర్చున్న చర్చలు, గుర్తు చేసుకోండి. మన వైపు సుష్మా స్వరాజ్, నిర్మలా సీతారామన్, ఇద్దరూ మంత్రులు; వాళ్లకు ఎదురుగా పాంపియో, మాటిస్, ఇద్దరూ సెక్రటరీలు. ఎవరికి ఎవరు సమానమో ఆ రెండు దేశాలే తేల్చేశాయి, అందుకే నేనైతే కళ్లు మూసుకుని మంత్రి అనే రాస్తాను. మన దేశపు విదేశాంగ కార్యదర్శిని మాత్రం కార్యదర్శిగానే ఉంచాలి, లేదంటే ఇద్దరూ కలిసిన వార్తలో ఎవరెవరో తెలియక గందరగోళమే.

ఇలాంటి చిక్కే ఉన్న ఇంకో మాట గవర్నర్, అక్కడ మాట మార్చక్కర్లేదు. కాకపోతే టెక్సాస్ గవర్నర్ అని రాసినప్పుడు, జనం ఓట్లేసి గెలిపించిన మనిషి, మన ముఖ్యమంత్రి లాంటి పదవి అని పక్కనే ఒక్క ముక్క కలపండి. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లకు అది తెలుసు, ఇక్కడ గవర్నర్ అంటే రాష్ట్రపతి నియమించే పెద్దమనిషి అనుకునే మా నాన్నకు చెప్పాలి.