పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరును కొత్త కంప్యూటరుకు కలపడానికి ఏది మేలు?

కార్బన్ కాపీలతో బిల్లులు, రశీదులు ముద్రించవలసిన చోట డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు సాటి లేదు. సూదులు రిబ్బనుపై కొట్టే దెబ్బే అడుగు కాగితం దాకా అచ్చును చేరుస్తుంది. ఇంక్‌జెట్, లేజర్ ప్రింటర్లలో ఆ దెబ్బే ఉండదు. అందువల్ల ఇటువంటి ప్రింటరును పారవేయకుండా కాపాడుకోవాలనుకోవడం సరైన ఆలోచనే. అయితే దాని వెనుక ఉన్నది 36 పిన్నుల సెంట్రానిక్స్ సాకెట్. దానికి జతగా ఐబీఎం పీసీ కాలం నుంచి కంప్యూటర్లలో ఉంటూ వచ్చిన 25 రంధ్రాల ప్యారలల్ పోర్టు నేటి యంత్రాలలో దాదాపుగా కనుమరుగైంది.

ఆ లోటు తీర్చడానికి మూడు దారులున్నాయి: యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబులు, కంప్యూటరు లోపల బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, ప్రింటరును నెట్‌వర్కుకు కలిపే చిన్న పరికరమైన ప్రింట్ సర్వర్. వీటిలో ఏది మేలో ధరను బట్టి తేల్చడం పొరపాటు. ముద్రించే ప్రోగ్రామ్ తన అక్షరాలను ఎక్కడికి పంపుతుందో ముందు తెలుసుకోవాలి.

ప్రోగ్రామ్ విండోస్ డ్రైవరు (ప్రింటరుకు అర్థమయ్యేలా ఆదేశాలను మార్చి పంపే సాఫ్ట్‌వేర్) ద్వారా ముద్రించేదైతే యూఎస్‌బీ కేబులు చాలు. విండోస్ దానికి ‘యూఎస్‌బీ001’ వంటి పేరుతో ఒక పోర్టును సృష్టిస్తుంది. కేబులు తగిలించినా ప్రింటరు పేరు కనబడలేదని చాలామంది కంగారు పడతారు. కానీ 1994లో ప్యారలల్ పోర్టుకు సంబంధించిన ఐఈఈఈ 1284 ప్రమాణం రాకముందు తయారైన ప్రింటర్లకు తమ పేరు చెప్పుకునే ఏర్పాటు సాధారణంగా ఉండదు కాబట్టి, డ్రైవరును మనమే ఎంచుకుని ఆ పోర్టుకు కలపాలి.

ప్రోగ్రామ్ పాత డాస్ కాలం నాటిదై, నేరుగా ఎల్‌పీటీ1కి (మొదటి ప్యారలల్ పోర్టుకు డాస్ పెట్టిన పేరు) పంపేదైతే కథ మారుతుంది. యూఎస్‌బీ కేబులు ఎల్‌పీటీ1ను సృష్టించదు. ప్రింటరును షేర్ చేసి, ‘నెట్ యూజ్’ ఆదేశంతో ఎల్‌పీటీ1ను దానివైపు మళ్ళించవచ్చు గానీ, ఆపరేటింగ్ సిస్టమ్‌ను దాటవేసి హార్డ్‌వేర్ చిరునామాకే రాసే ప్రోగ్రాములకు ఈ ఉపాయం పనిచేయదు. పైగా 64 బిట్ విండోస్ 16 బిట్ డాస్ ప్రోగ్రాములను ఎమ్యులేటరు (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) లేకుండా నడపదు. ఇటువంటి పనికి కార్డే మేలని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే అది నిజమైన ఎల్‌పీటీ పోర్టును ఇస్తుంది. అయినా దాని చిరునామా పాత అలవాటైన 378 హెక్స్ (16 ఆధారంగా రాసే అంకె) కాకపోవచ్చు. ప్రోగ్రామ్ ఆ అంకెనే పట్టుకుని కూర్చుంటే కార్డుతోనూ చిక్కు తప్పదు. ల్యాప్‌టాప్ వాడేవారికి ఈ దారి దాదాపు మూసుకున్నట్లే.

నాలుగైదు కంప్యూటర్లు ఒకే ప్రింటరును పంచుకోవాలంటే ప్రింట్ సర్వర్‌ను మించినది లేదు. సాధారణంగా అది 9100 నెట్‌వర్కు పోర్టుపై (ఇది సాకెట్ కాదు, నెట్‌వర్కులోని ఒక చిరునామా అంకె) వచ్చిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్లు ప్రింటరుకు అందిస్తుంది కాబట్టి విండోస్ అయినా లినక్స్ అయినా ఒకటే. ప్రింటరు సిద్ధంగా ఉన్నా విండోస్ ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తే, పోర్టు అమరికలలో ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్కు పరికరాల స్థితిని అడిగే పద్ధతి) స్థితి తనిఖీని ఆపి చూడాలి.

ఏ దారి పట్టినా ప్రింటరు అమరికలను మార్చే చిన్న మీటలైన డిప్ స్విచ్‌లను మరువరాదు. డ్రైవరు ఎప్సన్ ఈఎస్‌సీ/పీ అనే ఆదేశాల భాషలో పంపుతుండగా ప్రింటరు మరో ఆదేశాల భాష అయిన ఐబీఎం ప్రోప్రింటర్ అమరికలో ఉంటే కాగితంపై అయోమయమే మిగులుతుంది. ఆటో లైన్‌ఫీడ్ (ప్రింటరు తానే కాగితాన్ని ఒక వరుస జరపడం) అనవసరంగా పనిచేస్తుంటే ప్రతి వరుస తరువాత ఒక ఖాళీ వరుస వస్తుంది. తెలుగు అక్షరాలు పాత ప్రింటర్ల శాశ్వత మెమరీలోని అక్షరమాలలో సాధారణంగా ఉండవు. కనుక అక్షరాల సంకేతాలను మాత్రమే పంపే ‘జనరిక్ టెక్స్ట్ ఓన్లీ’ డ్రైవరుతో తెలుగు రాదు. అక్షరాలను చుక్కల బొమ్మలుగా పంపే అసలు డ్రైవరు కావాలి, ముద్రణ నెమ్మదించినా సరే.

కొనే ముందు ప్రింటరు వెనుక ఉన్నది ప్యారలల్ సాకెట్టేనా అని నిర్ధారించుకోవాలి. కొన్ని పాత ప్రింటర్లలో 25 పిన్నుల సీరియల్ సాకెట్ ఉంటుంది. దాని వోల్టేజీ ప్యారలల్ పోర్టులోని 5 వోల్టులను మించగలదు కాబట్టి, ఆకారం కుదిరిందని ప్యారలల్ కేబులు తగిలిస్తే రెండు వైపులా నష్టమే కలగవచ్చు.