ఎనుమాముల అడ్తి లెక్కలకు ఫ్రాపే

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక మిర్చి అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణానికి, పైథాన్ భాషలో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రాపే ఫ్రేమ్‌వర్క్‌తో లెక్కల సాఫ్ట్‌వేర్ తయారు చేశాను. పైథాన్ వచ్చినవారికి ఇది వరమే. ఒక్క 'డాక్‌టైప్' (ఒక రకం పత్రంలో ఏ గడులు ఉండాలో చెప్పే నమూనా) నిర్వచిస్తే మరియాడీబీ డేటాబేస్‌లో పట్టిక, బ్రౌజర్‌లో ఫారం, జాబితా, బయటి యాప్‌లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏపీఐ అన్నీ వాటంతటవే సిద్ధం.

నన్ను కట్టిపడేసింది మాత్రం తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) దగ్గర. బస్తాలు, తూకం, ధర, కమీషన్, హమాలీ రాసి సబ్మిట్ చేశాక ఎవరూ గుట్టుగా అంకె దిద్దలేరు. రద్దు చేసి, సవరణ ప్రతి తీయాల్సిందే. పాతది అలాగే కనిపిస్తుంది. రైతు సొమ్ముకు ఇంత కట్టుదిట్టం ఉండి తీరాలి. గుమస్తా తూకం రాయవచ్చు, ధర గడిని మాత్రం ముట్టుకోకుండా చేయవచ్చు.

ఫ్రాపే విండోస్‌పై నేరుగా నడవదు, లినక్స్ నేర్చుకోండి. పీడీఎఫ్‌లో తెలుగు సరిగా రావాలంటే సర్వర్‌లో తెలుగు ఫాంట్ వేయడం మరవకండి.