పరంజా మీద రాత్రి లైటు: 230 వోల్టులా, 110ఆ, 24ఆ, బ్యాటరీయా? ఏది మేలు?

బయటి గోడల ప్లాస్టరింగ్ పొద్దుగూకినా ఆగదు. కలిపిన మాలు గట్టిపడకముందే కొట్టెయ్యాలి, మర్నాడు పరంజా పక్క గోడకి మార్చాలి. వాచ్‌మన్ గదిలోంచి సర్వీసు వైరు లాగుతారు, పైపుకి బైండింగ్ వైరుతో కడతారు, చివర్న ఒక ఫోకస్ లైటు వేలాడదీస్తారు. పది నిమిషాల్లో పని మొదలు. హైదరాబాద్ శివార్లలోనైనా విజయవాడలోనైనా ఐదంతస్తుల అపార్టుమెంటు కడుతున్న చోట చీకటి పడ్డాక తలెత్తి చూస్తే చాలాసార్లు కనిపించేది ఇదే.

ఆ బైండింగ్ వైరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అది సన్నటి ఇనుప తీగ. మెలిపెట్టి బిగిస్తారు. మనిషి నడిచినప్పుడల్లా పరంజా కదులుతుంది, కదిలినప్పుడల్లా ఆ తీగ కరెంటు వైరు పైపొరని కాస్త కాస్త కోస్తుంది. పొర పూర్తిగా తెగిన రోజున పైపులన్నీ ఫేజే. కింద తట్ట అందిస్తున్న మనిషి, పైన తాపీ పట్టుకున్న మేస్త్రీ, ఇద్దరి చేతులూ ఆ పైపుల మీదే ఉంటాయి, పైగా తడిగా ఉంటాయి.

అందుకే ఇక్కడ లైట్లని వెలుతురుతో తూయడం లేదు. వైరు తెగి పైపుకి తగిలితే ఆ పైపు పట్టుకున్న మనిషి ఏమవుతాడు? ఏ పద్ధతినైనా ముందు ఈ ప్రశ్నతోనే చూడాలి.

లెక్క పెద్ద కష్టం కాదు. తడిసిన ఒంటికి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుందాం. 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. 10 దాటితేనే చాలామందికి వేళ్లు పట్టు వదలవు. 30 దాటి కాసేపు పారితే ఊపిరి, గుండె రెండూ ప్రమాదంలో పడతాయి. ఇది నేల మీద నిలబడిన మనిషి లెక్క. పరంజా మీద ప్రాణం తీయని షాక్ కూడా ప్రాణం తీస్తుంది, ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేస్తే కింద పలక ఉండదు.

230 వోల్టులు, ఆర్‌సీసీబీ (లీకేజీ పట్టుకుని సరఫరా కోసే స్విచ్చు)తో

మనకి అలవాటైనది, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికేది ఇదే. సరిగ్గా చేస్తే పనికొస్తుంది. కానీ సరిగ్గా చేయడం దగ్గరే చాలా సైట్లు తప్పుతున్నాయి.

"ఎంసీబీ ఉంది కదా సార్" అంటారు. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువ పారితే తనంతట తానే పడి సరఫరా కోసే స్విచ్చు. అది వైరుని కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఒంట్లోంచి పారే పావు ఆంపియరు కంటికి కూడా ఆనదు. "పరంజాకి ఎర్త్ కొట్టాం" అంటారు. అదీ చూద్దాం. పాతిన రాడ్డు నిరోధం 20 ఓమ్‌లు అనుకుంటే, ఫేజు పైపుకి తగిలినప్పుడు భూమిలోకి పోయేది 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడదు. అలా పారుతున్నంతసేపూ పైపుల మీద దాదాపు మొత్తం వోల్టేజీ నిలబడి ఉంటుంది. ఎర్త్ ఉందన్న ధీమాతో మనుషులు ఎక్కుతూనే ఉంటారు.

ఈ రెండింటికీ చేతకానిది ఆర్‌సీసీబీ చేస్తుంది. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే ఆ తేడాని పట్టుకుని సరఫరా కోసేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లది పెట్టాలి, 100 లేదా 300ది మనిషి కోసం చేసింది కాదు. తేడా 150 మిల్లీ ఆంపియర్లకి చేరితే 40 మిల్లీ సెకన్ల లోపు పడాలన్నది దాని ప్రమాణం. ఎల్ఈడీ లైట్ల లోపలి డ్రైవర్ సర్క్యూట్ల వల్ల కరెంటు రూపం మారుతుంది కాబట్టి 'ఏసీ' (AC) టైపు కంటే 'ఏ' (A) టైపు ఆర్‌సీసీబీ కొనడం మంచిది. ఓవర్‌లోడ్ కోసం దాని పక్కన ఎంసీబీ ఎలాగూ ఉండాలి.

ఆర్‌సీసీబీ చూపుకీ కొన్ని ఆనవు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాడు దాని లెక్కలో ఒక బల్బు మాత్రమే. ఇంకొకటి జనరేటర్ సంగతి. కరెంటు పోతే చిన్న జనరేటర్ తిప్పుతారు. చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్ భూమికి కలిపి ఉండదు. అప్పుడు ఒక వైరు పైపుకి తగిలినా తిరిగి వెళ్లే దారి లేక ఆర్‌సీసీబీ కదలదు, తప్పు జరిగిందని ఎవరికీ తెలియదు. రెండో వైరు ఇంకెక్కడో తెగే దాకా అది అలాగే పొంచి ఉంటుంది. ఈలోగా టెస్ట్ బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ టక్కున పడుతుంది, ఎందుకంటే ఆ బటన్‌కి ఎర్త్‌తో పని లేదు. అంతా బాగుందనిపిస్తుంది. జనరేటర్ తెచ్చిన రోజున న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపారా లేదా అని ఎలక్ట్రీషియన్‌ని అడగాల్సింది అందుకే.

అసలు దెబ్బ మాత్రం వానాకాలంలో తగులుతుంది. హోల్డరులోకి నీళ్లు దిగి ఆర్‌సీసీబీ పదే పదే పడిపోతుంది. స్లాబ్ పోత మధ్యలో ఉంటే ఎవరూ ఆగరు, తీసి పక్కన పెట్టి డైరెక్ట్ ఇచ్చేస్తారు. కోప్పడి లాభం లేదు, ఒకే ఆర్‌సీసీబీ మీద వైబ్రేటరూ మిల్లరూ లైట్లూ అన్నీ వేస్తే జరిగేది అదే. లైట్లకి విడిగా ఒకటి, మోటార్లకి విడిగా ఇంకోటి పెడితే వైబ్రేటర్ లీకేజీకి పరంజా చీకటైపోదు. ఎత్తులో ఉన్నట్టుండి చీకటి పడటం కూడా షాక్ అంత ప్రమాదమే. లైటు దుమ్మూ నీటి జల్లూ లోపలికి పోని ఐపీ65 రకానిది, కేబుల్ రబ్బరు తొడుగున్న మూడు కోర్లది, జాయింట్లు టేపుతో కాక ఇండస్ట్రియల్ ప్లగ్గులతో, కట్టడానికి బైండింగ్ వైరుకి బదులు ప్లాస్టిక్ టై. ఇన్నీ ఉంటేనే ఈ పద్ధతికి నేను మార్కులు వేస్తాను.

110 వోల్టులు

దుబాయ్‌లోనో దోహాలోనో పెద్ద సైట్లలో పనిచేసి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ మేస్త్రీలకి పసుపు పచ్చ ప్లగ్ చూపిస్తే గుర్తుపడతారు. అది బ్రిటన్‌లో పుట్టిన పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్ 230ని 110కి దించుతుంది, దాని 110 వైపు వైండింగ్‌ని (తీగచుట్టని) సరిగ్గా మధ్యలో ఎర్త్ చేస్తారు. అందువల్ల ఏ వైరు తెగినా పైపు మీదకి వచ్చేది 55 వోల్టులే. మన 1000 ఓమ్‌ల లెక్కలో 55 మిల్లీ ఆంపియర్లు. షాక్ కొడుతుంది, కానీ 230తో పోలిస్తే నాలుగో వంతు కూడా కాదు. పైగా ఎవరి అప్రమత్తత మీదా ఆధారపడదు. ఆర్‌సీసీబీని తీసేసినట్టు దీన్ని తీసేయలేరు, 110 వోల్టుల లైటు 230కి పెడితే కాలిపోతుంది. ప్లగ్గూ పట్టదు. డ్రిల్లు, గ్రైండరు కూడా దీని మీదే నడుస్తాయి.

ఇన్ని మంచి గుణాలున్నా మన చిన్న సైట్లకి ఇది అందదు. 110 వోల్టుల పనిముట్లు మామూలు హార్డ్‌వేర్ షాపులో ఉండవు, ట్రాన్స్‌ఫార్మర్ బరువు, సామాను అంతా విడిగా కొనాలి. మెట్రో పనులు, ముప్పై అంతస్తుల టవర్లు చేసే కంపెనీలు మాత్రం దీన్ని ఎందుకు తప్పనిసరి చేయవో నాకు అర్థం కాదు. వాళ్లకి ఈ ఖర్చు ఒక లెక్క కాదు.

24 వోల్టులు

హాలోజన్ రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. 500 వాట్ల లైటుకి 24 వోల్టుల దగ్గర దాదాపు 21 ఆంపియర్లు కావాలి, దానికి లావుపాటి కేబుల్ మొయ్యాలి. ఎల్ఈడీ వచ్చాక లెక్క మారింది. 20 వాట్ల లైట్లు ఐదు పెడితే 4.2 ఆంపియర్లు చాలు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 50 మీటర్లు లాగితే రానూపోనూ నిరోధం సుమారు 0.8 ఓమ్, అంటే చివర్న 3.3 వోల్టులు తగ్గి 20కి పైన మిగులుతాయి. లారీలకి వాడే ఎల్ఈడీ వర్క్ లైట్లు చాలావరకు 10 నుంచి 30 వోల్టుల దాకా ఎంతైనా తట్టుకుంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే కావలసినన్ని దొరుకుతాయి, దుమ్ముకీ వానకీ ఓర్చుకునేలా చేసినవే. వీటికి డీసీ కావాలి కాబట్టి 24 వోల్టుల డీసీ పవర్ సప్లై తీసుకోవాలి.

భద్రత అంతా ఆ సప్లైలోనే ఉంది. లోపల 230 వైపూ 24 వైపూ పూర్తిగా విడిపోయి ఉండాలి. ఒకే వైండింగ్ మీద నడిచే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ వేరు చేయదు. న్యూట్రల్ ఊడిందంటే 24 అనుకున్న వైరు మీద 230 నిలబడుతుంది. లేబుల్ మీద ఎస్‌ఈఎల్‌వీ (SELV, అంటే మెయిన్ కరెంటు నుంచి పూర్తిగా వేరుచేసిన తక్కువ వోల్టేజీ) అని రాసి ఉన్నదే కొనాలి. దాన్ని నేల మీద తడి తగలని పెట్టెలో, ఆర్‌సీసీబీ గుండా వచ్చే లైను మీద పెట్టాలి, పరంజా మీదకి ఎక్కించకూడదు. 24 వైపు ఏ వైరునీ ఎర్త్ చేయకూడదు. అప్పుడు ఒక వైరు తెగి పైపుకి తగిలినా దారి పూర్తికాదు, మనిషికి ఏమీ కాదు. ఫ్యూజు మాత్రం మానొద్దు, 24 వోల్టులైనా షార్ట్ అయితే కేబుల్ అంటుకుంటుంది.

అమెరికాలో పనిచోటు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధనలు ట్యాంకుల్లాంటి తడి, లోహపు చోట్ల చేతిలైట్లకి 12 వోల్టులు దాటొద్దంటాయి, లేదంటే 120కి లీకేజీ రక్షణ పెట్టమంటాయి. తడిసిన పరంజా కూడా నాకు అలాంటి చోటుగానే కనిపిస్తుంది.

బ్యాటరీ లైట్లు

వైరే లేదు, తెగేదీ లేదు. నా ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు ఇంకోటి లేదు. 18 వోల్టుల, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 90 వాట్ అవర్లు ఉంటాయి, 20 వాట్ల లైటు నాలుగు గంటలు వెలుగుతుంది. సాయంత్రం ప్లాస్టరింగ్ ముగించడానికి అది సరిపోతుంది, రాత్రంతా జరిగే పనికి చాలదు. పై నుంచి జారితే కిందవాడి తల మీద పడుతుంది, కాబట్టి ప్రతి లైటుకీ తాడు ఉండాలి. ఛార్జింగ్ పొడి గదిలో, సిమెంటు బస్తాలకీ గోనెలకీ దూరంగా.

అయితే ఏది?

ఐదంతస్తుల అపార్టుమెంటు కాంట్రాక్టర్ అడిగితే నా మాట ఇది. మొత్తం వెలుతురు కోసం 230 ఫోకస్ లైట్లని పరంజాకి తగలకుండా విడి స్తంభం మీదో, పూర్తయిన స్లాబ్ అంచులోపలో పెట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీద నడపండి. కళ్లల్లో కొట్టకుండా రెండు వైపుల నుంచి వెయ్యండి, ఒకే వైపు నుంచి వేస్తే పైపుల నీడలో పలక అంచు కనపడదు. ఆ స్తంభం ఎత్తేముందు పక్కన 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్ ఉందేమో చూసుకోండి. పరంజా మీద మెట్లకీ నడిచే పలకలకీ 24 వోల్టులు, మేస్త్రీ చేతి దగ్గర బ్యాటరీ. 230 వైరు పైపు మీదకి అసలు రాకూడదు. సైటులో ఎలక్ట్రీషియన్ రోజూ ఉండకపోతే 24 కూడా వద్దు, బ్యాటరీలతో సరిపెట్టుకుని పని తొమ్మిదింటికి ఆపండి.

ప్లాస్టరింగ్ పనివాళ్లు లైట్లు తమ డబ్బుతో తెచ్చుకోరు, తెచ్చుకోమనకూడదు కూడా. వర్క్ ఆర్డర్‌లో చదరపు అడుగు రేటు పక్కనే లైట్ల బాధ్యత కాంట్రాక్టర్‌దని, ఏ పద్ధతో కూడా చెప్పి, ఒక వాక్యం రాయించండి.