ఎల్ఎస్1 కి తీసుకున్న క్రాంక్ డ్యాంపర్: సరుకు బాగుంది, బోరు మాత్రం కొలవకుండా ఎక్కించొద్దు (3/5)

రీబిల్డ్ చేసిన ఎల్ఎస్1 (జనరల్ మోటార్స్, అంటే జీఎం వాళ్ళ 5.7 లీటర్ల వీ8) ఇంజిన్‌కి బయటి కంపెనీ డ్యాంపర్ ఒకటి తీసుకున్నా, అంటే క్రాంక్ షాఫ్ట్ ముందు చివర ఎక్కించి దాని మెలితిరిగే వణుకుని తగ్గించే చక్రం. పేరు రాయట్లేదు, ఇదే గొడవ ఇంకో కంపెనీ డబ్బాలో కూడా రావచ్చు, చదివేవాళ్ళకి పనికొచ్చేది పేరు కాదు కొలతలు. స్టీల్ హబ్ (దీని రంధ్రమే బోరు, క్రాంక్ మీదకి ఎక్కేది అదే), మధ్యలో రబ్బరు, బయట బరువు రింగు, మామూలు పద్ధతే. డబ్బా మీద మాత్రం పెద్దక్షరాల్లో నేరుగా బిగించుకోవచ్చు అని ఉంది, ఆ మాటే నమ్మొద్దు.

ముందు బాగున్నవి చెప్పేస్తా. ఆయిల్ సీల్ కూర్చునే చోట ఫినిషింగ్ చాలా నున్నగా ఉంది, గోరు పెట్టి లాగితే ఎక్కడా తగల్లేదు. రబ్బరు అన్ని వైపులా సమానంగా ఉంది, ఎక్కడా ఉబ్బు గానీ గ్యాప్ గానీ లేదు. రింగు మీద డిగ్రీ గీతలు లేజర్‌తో కొట్టారు, కంపెనీ ఒరిజినల్ దానిమీద అసలు టైమింగ్ మార్కే ఉండదు కదా, క్యామ్ సెట్ చేసుకునేటప్పుడు ఈ గీతలు బాగా పనికొచ్చాయి. లోపలి కాగితం కూడా బానే రాశారు, ఎంత ఇంటర్‌ఫెరెన్స్ (క్రాంక్ ముందు చివర, అంటే ముక్కు కంటే బోరు ఎంత సన్నగా ఉందో ఆ తేడా) ఉండాలో నంబర్ ఇచ్చారు: 0.020 నుంచి 0.035 మిల్లీమీటర్లు. అసలు చాలా కంపెనీలు ఆ నంబర్ కూడా ఇవ్వవు.

ఇప్పుడు అసలు విషయం. ఎల్ఎస్ ఇంజిన్‌లో డ్యాంపర్‌కి కీ (తిరగకుండా గాడిలో పెట్టే చిన్న స్టీల్ ముక్క) ఉండదు, పాత ఇంజిన్లలో లాగా కీ ఉందిలే తిరగదు అనుకోడానికి లేదు, హబ్ క్రాంక్ ముక్కుని పట్టుకుని ఉండే బిగువు, ముందు బోల్టు నొక్కుడు, ఈ రెండే దాన్ని ఆపేవి. లూజుగా ఉంటే హబ్ క్రాంక్ మీద కొద్దికొద్దిగా కదులుతూ ముక్కుని తినేస్తుంది, అప్పుడు మార్చాల్సింది డ్యాంపర్ కాదు క్రాంక్. మరీ టైట్ అయితే దారిలోనే పట్టేస్తుంది, చివరిదాకా వెళ్ళదు. ఇంకా చిరాకు ఏంటంటే ఒకసారి ఎక్కించాక బయటనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఫిట్ ఎలా ఉన్నా టార్క్ రెంచ్ మాత్రం క్లిక్ మంటుంది. అందుకే కొలవడం ఎక్కించకముందే అయిపోవాలి.

వెర్నియర్‌తో కొలిచి ఓకే అనేవాళ్ళని చూశా, మామూలు వెర్నియర్ చూపించే కనీస కొలతే 0.02, మనం వెతికేది 0.02 నుంచి 0.035 మధ్యలో, ఇక దాంతో ఏం తెలుస్తుంది. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చూపించే మైక్రోమీటర్, డయల్ బోర్ గేజ్ రెండూ కావాలి, బోర్ గేజ్‌ని ఆ మైక్రోమీటర్‌తోనే సెట్ చేసుకోవాలి, అప్పుడు మైక్రోమీటర్‌లో చిన్న తేడా ఉన్నా రెండు కొలతల్లోనూ ఒకేలా వస్తుంది కాబట్టి కొట్టుకుపోతుంది. క్రాంక్, హబ్ రెండూ రాత్రంతా ఒకే గదిలో పెట్టా. ఈ సైజు స్టీల్‌కి 10 డిగ్రీల తేడా ఉంటే దాదాపు 4, 5 మైక్రాన్లు మారిపోతుంది, ఎండలో ఉన్న పార్సిల్ విప్పి అప్పుడే కొలిస్తే లెక్క తప్పుతుంది.

క్రాంక్ ముక్కు మూడు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా, నిలువుగా రెండు దిక్కుల్లో కొలిస్తే 37.602 నుంచి 37.604, అంటే చక్కగా ఉంది. హబ్ బోరు దగ్గరే కథ మొదలైంది. ఇంజిన్ వైపు మూతి దగ్గర 37.575, అంటే 0.028 ఇంటర్‌ఫెరెన్స్, భేషుగ్గా ఉంది. మధ్యలో 37.560. ముందు వైపు చివర 37.545. బోరు టేపర్‌గా ఉందన్నమాట, లోపలికి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది, చివర్లో 0.058 దాకా పోతోంది. కంటికి అస్సలు కనపడదు, వేలు పెట్టినా తెలీదు. మూతి దగ్గర మాత్రమే కొలిచి ఓకే అనేసి ఎక్కించి ఉంటే సగం దాకా సాఫీగా వెళ్ళి, సరిగ్గా కూర్చోడానికి కొంచెం ముందు బిర్రుగా పట్టేసేది, అక్కడ ఇంకా బలం పెడితే క్రాంక్ ముక్కులో మర పోతుంది.

అమ్మినవాళ్ళకి కొలతలు, ఫోటోలు పంపా. రెండు రోజుల్లో జవాబిచ్చారు, అది మెచ్చుకోవాలి, కానీ జవాబు మాత్రం "బోరు హోన్ చేయించుకుని ఎక్కించడం మామూలే" అని, హోన్ అంటే బోరు లోపల రాళ్ళతో కొద్దికొద్దిగా అరగదీయడం. ఒక రకంగా నిజమే, రేసింగ్ డ్యాంపర్లు కావాలనే కొంచెం టైట్‌గా ఇస్తారు, ఒక్కో క్రాంక్ ముక్కు ఒక్కో సైజులో ఉంటుంది కాబట్టి దానికి తగ్గట్టు హోన్ చేసుకోమని. దానిమీద నాకు అభ్యంతరం లేదు. కానీ అప్పుడు డబ్బా మీద నేరుగా బిగించుకోవచ్చు అని రాయకూడదు కదండీ, పైగా టైట్‌గా ఉండటం వేరు, టేపర్‌గా ఉండటం వేరు. టైట్ అనేది వాళ్ళ నిర్ణయం, టేపర్ అనేది మెషినింగ్ లోపం.

సరే, హోనింగ్ మెషిన్ ఉన్న షాపులో చేయించా. చాలామందికి వచ్చే ఆలోచన ఒకటుంది, ఎమరీ పేపర్ తీసుకుని క్రాంక్ ముక్కుని కొంచెం రుద్దేద్దాం అని. అది మాత్రం వద్దు బాబూ, చేత్తో రుద్దితే గుండ్రం పోతుంది, తీసిన మెటల్ వెనక్కి రాదు, రేపు ఇంకే డ్యాంపర్ వేసినా లూజే. కోయాల్సింది ఎప్పుడూ హబ్‌నే. హోన్ చేశాక మళ్ళీ కొలిస్తే మూతి నుంచి చివరిదాకా ఇంటర్‌ఫెరెన్స్ 0.026, 0.029 మధ్య వచ్చింది. హోనింగ్ పొడి అంతా సబ్బునీళ్ళతో బ్రష్ పెట్టి కడిగా, పెట్రోల్‌లో ముంచలేదు, రబ్బరు ఉంది కదా.

ఎక్కించడం గురించి కొంచెం. హబ్‌ని మెల్లగా ఒక 50 డిగ్రీలు వేడి పెంచితే బోరు దాదాపు 22 మైక్రాన్లు పెరుగుతుంది, 28 మైక్రాన్ల ఇంటర్‌ఫెరెన్స్‌లో ఇంక మిగిలేది కొంచెమే, కాబట్టి ఎక్కించే టూల్‌తో హాయిగా వెళ్ళింది. గ్యాస్ మంట పెట్టొద్దు, రబ్బరు కాలిపోతుంది, కాగితంలో రాసిన వేడి దాటొద్దు. సుత్తి సంగతి వేరే చెప్పాలా, ఆ దెబ్బ నేరుగా క్రాంక్‌ని ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపే థ్రస్ట్ బేరింగ్‌కి పోతుంది. టూల్ అంటే ఎం16 మరలున్న పొడుగు రాడ్డు, నట్టు, మధ్యలో బేరింగ్, అంతే, కానీ రాడ్డు క్రాంక్ లోపలికి పూర్తిగా దిగాలి, నాలుగు మరలు పట్టాయిలే అని లాగితే ఆ నాలుగూ ఊడొస్తాయి. ముందు కవర్ సీల్ పెదవికి కాస్త నూనె రాసి, కవర్ బోల్టులు లూజుగా వదిలి, హబ్ మీద సీల్ మధ్యకి వచ్చాక అప్పుడు బిగించా, ఇది చాలామంది మర్చిపోతారు, తర్వాత ఆయిల్ కారుతోందని డ్యాంపర్‌ని తిడతారు.

టూల్‌తో వెళ్ళాక పాత బోల్టు వేసి 330 న్యూటన్ మీటర్లకి బిగించి పూర్తిగా కూర్చోబెట్టి, బోల్టు తీసేసి, అప్పుడు డెప్త్ గేజ్‌తో క్రాంక్ చివర హబ్ ముందు మొహం కంటే ఎంత లోపలికి ఉందో చూడాలి. జీఎం ఒరిజినల్ డ్యాంపర్‌కి చెప్పేది 2.4 నుంచి 4.48 మిల్లీమీటర్లు, నా దాని కాగితంలో కూడా అదే లెక్క ఇచ్చారు, వేరే కంపెనీదైతే వాళ్ళ కాగితం చూసుకోండి. నాకు 3.1 వచ్చింది. హబ్ దారిలో ఎక్కడో ఆగిపోయి ఉంటే ఇక్కడే బయటపడుతుంది. ఇదంతా అయ్యాకే కొత్త బోల్టు, 50 న్యూటన్ మీటర్లు, ఆపైన 140 డిగ్రీలు తిప్పడం. ఆ బోల్టు సాగేలా తయారుచేసింది, ఒకసారికే, ఈ చివరి బిగింపుకి పాతది వాడొద్దు.

క్రాంక్ ముందుకీ వెనక్కీ ఆడే ఆటని ఎక్కించకముందూ తర్వాతా డయల్ గేజ్‌తో చూశా, మారలేదు. రింగు కూడా తిప్పి చూస్తే వంకర పెద్దగా లేదు. బెల్టు లైను స్కేలు పెట్టి చూస్తే వాటర్ పంప్ పుల్లీతో సమానంగా ఉంది, షిమ్ముల పని పడలేదు. బ్యాలెన్స్ విషయంలో ఎల్ఎస్1 కి తలనొప్పి లేదు, లోపలే బ్యాలెన్స్ అయి ఉంటుంది. ఫోర్డ్ 302 వాళ్ళు మాత్రం ఆర్డర్ పెట్టేముందు చూసుకోండి, వాటిలో డ్యాంపర్ మీద బ్యాలెన్స్ కోసం పెట్టే అదనపు బరువు లెక్క పాతవాటికి 28 ఔన్స్, తర్వాత వచ్చినవాటికి 50 ఔన్స్, ఒకటి బదులు ఇంకోటి వేస్తే ఫిట్ ఎంత బాగున్నా ఇంజిన్ వణుకుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఇంజిన్ స్మూత్‌గానే ఉంది, సీల్ దగ్గర చుక్క లేదు, బోల్టు తల మీద, హబ్ మీద కలిపి గీసిన పెయింట్ గీత కూడా విడిపోలేదు. సరుకుకి నాలుగు ఇచ్చేవాణ్ణి, బోరు టేపర్‌కి ఒకటి కోసేశా. బోర్ గేజ్ గానీ, హోన్ చేసే షాపు గానీ అందుబాటులో లేనివాళ్ళు ఇది కొనొద్దు, ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. హోనింగ్ బిల్లు వాళ్ళకి పంపా, సగం ఇస్తాం అన్నారు, ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే రాస్తా.