పాత డీజిల్ కారు ట్యాంక్ వెంట్ పరీక్షకు చేతి వాక్యూమ్ పంప్ ఎంతవరకు పనికొస్తుంది?

బ్రేకుల్లో గాలి తీయడానికి అమ్మే చేతి వాక్యూమ్ పంప్ చాలామంది చూసే ఉంటారు, పిస్తోలులా పట్టుకుని నొక్కుతుంటే పైనున్న గేజ్‌లో ముల్లు కదులుతుంది. నేను మాత్రం బ్రేకుల కోసం కొనలేదు. నా పాత డీజిల్ కారు ఊళ్లో బాగానే తిరుగుతూ, హైవే ఎక్కి ఓ అరగంట నడిచాక పికప్ చచ్చిపోయేది. పక్కన ఆపి కాసేపు వదిలేస్తే మళ్లీ ఏమీ జరగనట్టు పరిగెత్తేది. ఫిల్టర్ మార్చినా తేడా లేదు. గ్యారేజీలో ఇంజెక్షన్ పంప్ (ఇంజిన్‌కి ఒత్తిడితో డీజిల్ అందించేది) దింపాలన్నారు. పంప్ దింపే ముందు ట్యాంక్ గాలి పీల్చుకుంటోందా లేదా అని చూడటం కనీస ధర్మం కదా, దానికోసమే ఈ పరికరం తెచ్చుకున్నాను.

ఇంజిన్ డీజిల్ తాగుతున్నకొద్దీ ట్యాంక్‌లో ఖాళీ అయిన చోటులోకి బయటి గాలి రావాలి. ఆ గాలి దారినే వెంట్ అంటారు, పాత డీజిల్ కార్లలో ఈ ఏర్పాటు చాలా సాదా. డీజిల్ ఆవిరి తక్కువ కాబట్టి పెట్రోల్ కార్లలో ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా సాధారణంగా వీటికి ఉండదు. ట్యాంక్ పైనుంచి ఓ సన్నని గొట్టం, కొన్నింటిలో బండి తిరగబడితే మూసుకునే చిన్న వాల్వ్, ఇంకొన్నింటిలో ట్యాంక్ మూతలోనే రంధ్రం. ఆ గొట్టం బురదతో పూడుకుపోవచ్చు, మడత పడవచ్చు, మట్టి గూడు కట్టే కందిరీగలు అందులో కాపురం పెట్టవచ్చు. వెంట్ ఉన్న మూత పోయిందని వెంట్ లేని మూత కొని బిగించినా ఇదే గొడవ. లోపల వాక్యూమ్ పెరుగుతుంది, ట్యాంక్ నుంచి డీజిల్ తెచ్చే ఫీడ్ పంప్ లాగలేకపోతుంది. ఇది చిన్న విషయం కాదు. లోపలి, బయటి గాలి ఒత్తిడికి కేవలం 50 మిల్లీబార్ల తేడా వచ్చినా చదరపు మీటరులో సగం కూడా లేని ట్యాంక్ పైరేకు మీద సుమారు 200 కిలోల బరువు పెట్టినట్టే, అందుకే కొన్ని ట్యాంకులు లోపలికి సొట్టపడతాయి.

మూత తీయగానే సుయ్‌మంటే వెంట్ మూసుకుపోయిందని చాలామంది తేల్చేస్తారు, అది సగమే నిజం. రిటర్న్ పైపులో వేడి డీజిల్ తిరిగొచ్చి ట్యాంక్ వేడెక్కినా లోపల ఒత్తిడి పెరిగి అలాంటి శబ్దమే వస్తుంది. గాలి లోపలికి పోయిందా, బయటికి వచ్చిందా అన్నది చూడాలి.

ఇక పంప్ విషయం. వెంట్ గొట్టాన్ని ట్యాంక్ దగ్గర విప్పి, దానికి ఈ పంప్ తగిలించి నొక్కితే ముల్లు అసలు లేవకూడదు, ఎందుకంటే అవతలి చివర తెరిచే ఉంటుంది. ముల్లు లేచి నిలబడిందంటే గొట్టం మూసుకుపోయినట్టే. వాల్వ్‌ని కూడా విప్పి బండిలో ఉన్నట్టే నిలువుగా పట్టుకుని, ట్యాంక్ వైపు నుంచి లాగి చూడొచ్చు, గాలి తేలిగ్గా రావాలి. ఈ పనికి ఇంతకంటే మంచి సాధనం నాకు కనపడలేదు. నిమిషాల్లో తేలిపోతుంది, అనుమానం మిగలదు.

అసలు ఉపయోగం మాత్రం బండి నడుస్తుండగా ఉంది. ట్యాంక్‌కీ ఫీడ్ పంప్‌కీ మధ్య పైపులో టీ జాయింట్ (మూడు దారుల ముక్క) వేసి గేజ్‌ని కలిపి, అద్దం బయటవైపు టేపుతో అంటించి (డీజిల్ ఉన్న గొట్టం క్యాబిన్‌లోకి తేవద్దు), పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాలి. ముల్లు ఎంత చూపించిందన్నదాని కంటే ఎలా కదిలిందన్నది ముఖ్యం. యాక్సిలరేటర్ తొక్కగానే లేచి, వదలగానే దిగుతుంటే ట్యాంక్ జాలీయో సక్షన్ పైపో అడ్డుపడుతున్నాయి. అలా కాకుండా దూరం పోయేకొద్దీ మెల్లగా పెరుగుతూ వచ్చి, బండి ఆపి మూత వదులు చేయగానే పడిపోతే వెంటే దోషి. నా కారులో ఈ రెండోదే కనిపించింది, ఇంజెక్షన్ పంప్ జోలికి వెళ్లకుండానే వ్యవహారం తేలింది. ఒక సంగతి గుర్తుంచుకోవాలి, ఫీడ్ పంప్ తర్వాత ఉండే మెయిన్ ఫిల్టర్ మూసుకుపోతే ఈ గేజ్‌కి తెలియదు. బాష్ వీఈ లాంటి రోటరీ ఇంజెక్షన్ పంప్ తానే ట్యాంక్ నుంచి లాక్కునే బండ్లలో ఫిల్టర్ సక్షన్ వైపే ఉంటుంది కాబట్టి, పంప్‌కి దగ్గరగా టీ వేస్తే అది కూడా పట్టుబడుతుంది.

గేజ్ మాత్రం నాకు నచ్చలేదు. దాని స్కేలు 0 నుంచి 30 అంగుళాల పాదరసం. 50 మిల్లీబార్లంటే అందులో అంగుళంన్నర, అంటే ముల్లు కాస్త జరిగిందో లేదో కళ్లు చికిలించి చూడాలి. పైగా పిస్టన్ రకం ఫీడ్ పంప్ ఉంటే ముల్లు వణుకుతూనే ఉంటుంది. వెంట్ వేరే గొట్టంగా ఉన్న కార్లకు ఇంకా మంచి పద్ధతి ఉంది. పాత మూత ఒకటి సంపాదించి నిపిల్ బిగించి, దానికి పారదర్శక గొట్టం తగిలించి, యు ఆకారంలో వంచి అందులో కాస్త డీజిల్ పోస్తే చాలు. 10 మిల్లీబార్లకే రెండు వైపుల మట్టాల మధ్య 12 సెంటీమీటర్ల తేడా వస్తుంది, బండి ఆపి ఇంజిన్ ఆడుతుండగా చూసినా స్పష్టంగా కనిపిస్తుంది. నీళ్లు పోయకండి, వాక్యూమ్ ఎక్కువైతే అవి నేరుగా ట్యాంక్‌లోకి పోతాయి.

మూసుకుపోయిన వెంట్ దొరికితే కంప్రెసర్ గాలి కొట్టాలనిపిస్తుంది. గొట్టం ట్యాంక్ నుంచి విప్పకుండా ఆ పని అసలు చేయవద్దు, ట్యాంక్ పగిలే ప్రమాదం ఉంది.

చేతి పంప్ కిట్‌తో వచ్చిన, డీజిల్‌ని ఆపే డబ్బాని గొట్టం మధ్యలో పెట్టుకోకపోతే డీజిల్ పంప్ లోపలికి చేరి సీళ్లు పాడవుతాయి. దానితో ఇచ్చిన రబ్బరు గొట్టం డీజిల్ తగిలి ఉబ్బి మెత్తబడిపోయింది. కొన్న రోజే దాన్ని పక్కన పెట్టి, డీజిల్‌కి తట్టుకునే ఫ్యూయల్ హోస్ ముక్క కోసి వేసుకోండి. లేకపోతే ఆ జాయింట్ దగ్గరే గాలి పీల్చి గేజ్ తప్పు చూపిస్తుంది.