అరుణాచలంలో నాలుగు బకెట్ల వేణ్నీళ్లు

పౌర్ణమికి అరుణాచలం వెళ్లేవాళ్లు గది సంగతి గట్టిగా తేల్చుకునే బస్సెక్కండి. మేమూ తేల్చుకున్నామనే అనుకున్నాం. ఫోన్లో 1,200 అన్న లాడ్జివాడు, బ్యాగులు లోపల పెట్టాక "పౌర్ణమి కదమ్మా, 3,000" అన్నాడు. అదీ చక్కని తెలుగులో! మనవాళ్ల రద్దీ పెరిగాక అక్కడ మోసపోవడానికి తమిళం రానక్కర్లేదు.

మోకాళ్ల నొప్పులతో ఉన్న అత్తగారిని మిట్టమధ్యాహ్నం ఎక్కడికని తిప్పుతాం? ఇచ్చాం. దిండు మీద ముందెవరిదో విబూది మరక. గీజరుంది, దానికి వైరు లేదు. వేణ్నీళ్లు బకెట్టు 50. నలుగురికీ 200.

ఆ రాత్రి 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణలో మా ఆయన శివుణ్ణి తలిచిందెంతో గానీ, ఆ లాడ్జివాణ్ణి మాత్రం మరవలేదు. దారిలో మొదటొచ్చే ఇంద్రలింగం దగ్గర మొదలైన సణుగుడు, చివరి ఈశాన్యలింగం దాటినా ఆగలేదు.

మర్నాటి నుంచి రెండ్రోజులు రమణాశ్రమంలో. నెల ముందే మెయిల్ పెడితే, పౌర్ణమికి ఖాళీ లేదు, మర్నాడు రమ్మన్నారు. మంచాలు, ఫ్యాను, శుభ్రమైన దుప్పట్లు. అద్దె లేదు, వెళ్లేటప్పుడు ఆఫీసులో తోచింది ఇవ్వడమే. కిటికీ తీసి ఉంచితే కోతులొస్తాయి. మావాడి అరటిపళ్లు అలాగే పోయాయి.

పదకొండున్నరకి భోజనం. నేల మీద బారులు, విస్తళ్లు. రసం పొగలు కక్కుతూ గరిటెతో పోసేస్తారు. నా రసం విస్తరి దాటి పక్కనున్న విదేశీ ఆవిడ వైపు పరుగు తీసింది. ఆవిడ నవ్వి, అన్నంతో గట్టు కట్టి మధ్యలో గుంట చేయడం నాకు చూపించింది. రసం తాగడం నేను ఇంకొకరి దగ్గర నేర్చుకోవడం! ఆ మిరియాల ఘాటు ఇప్పటికీ నాలుక మీదుంది.

1916 నుంచి 1922 దాకా మహర్షి ఉన్న స్కందాశ్రమానికి మేం ముగ్గురం ఎక్కాం. రాళ్లు పరిచిన దారే, పొద్దున్నే బయల్దేరండి. అత్తగారు కింద పాత హాల్లోనే కూర్చున్నారు. ఆవిడది బొబ్బిలి వైపు. "రమణ మహర్షి అని పేరు పెట్టింది మా కావ్యకంఠ గణపతి మునే" అని కనిపించిన తెలుగువాళ్లందరికీ చెప్పారట.

వచ్చేటప్పుడు మా ఆయన ఆఫీసులోకి వెళ్లొచ్చారు. ఎంతిచ్చారంటే చెప్పరు. పర్సులో 100 మిగిలింది. బస్టాండుకి ఆటో 250 అన్నాడు, ఫోన్‌పే లేదన్నాడు. అత్తగారే కొంగుముడి విప్పారు.