మంచులో పరుగుకు షూ తొడుగులు: తిరుపతిలో కొనేముందు

టొరంటో, షికాగో చదువులకు పోతూ లాంగ్ రన్ వదలని మన తిరుపతి పిల్లలకు షూ మీద తొడిగే, అడుగున స్ప్రింగు చుట్టలో స్టీలు ముళ్లో ఉండే ఈ రబ్బరు తొడుగులు డబ్బుకు తగ్గ సరుకే. స్ప్రింగు చుట్టల రకం అణిగిన మంచు మీద పట్టు ఇస్తుంది గానీ నున్నటి ఐసు మీద జారుతుంది. అందుకే నా ఓటు స్టీలు ముళ్లకే. అంగడికి పరిగెత్తే షూనే తీసుకుపోయి తొడిగి చూడండి. వదులైతే మలుపులో పక్కకు తిరిగిపోతుంది, మరీ బిగుతైతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ముళ్లను రబ్బరుకు కలిపే కొక్కెం దగ్గర సన్నటి చీలిక కనిపించినా ఆ జత వద్దు. పరీక్ష కోసం అలిపిరి రోడ్డు మీద మాత్రం పరిగెత్తకండి, తారుకు ముళ్లు అరిగిపోతాయి. చలికి రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి ఇంట్లోనే తొడుక్కోవాలి. మంచు మీద అడుగులు పొట్టిగా వేయాలి. పరుగు నుంచి తిరిగొచ్చాక, మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పును కడిగి ఆరబెట్టకపోతే తుప్పు ఖాయం.